ఎల్ఈడీలతో ప్లాంక్ స్థిరాంకం తప్పొస్తోంది, యూవీ టార్చికి జింక్ రేకు స్పందించట్లేదు: పొరపాటు ఎక్కడ?

దేవరకొండ_ఫిజిక్స్

ఫిబ్రవరి 28 సైన్స్ డేకి ఇంటర్ సెకండియర్ పిల్లలతో కాంతి క్వాంటం స్వభావం మీద మూడు ప్రయోగాలు పెట్టాలనుకున్నాం. మూడూ ఎక్కడో ఒకచోట ఆగిపోయాయి. రీడింగులతో సహా రాస్తున్నాను, దయచేసి తప్పెక్కడో చెప్పండి.

మొదటిది ప్లాంక్ స్థిరాంకం (కాంతి ఒక్కో ముద్ద, అంటే ఫోటాన్, శక్తిని పౌనఃపున్యంతో భాగిస్తే వచ్చేది; అసలు విలువ 6.626 × 10⁻³⁴). 9 వోల్టుల బ్యాటరీ, 680 ఓమ్‌ల రెసిస్టర్, వరుసలో ఎల్ఈడీ. వెలుగుతున్నప్పుడు ఎల్ఈడీ రెండు కాళ్ల మధ్య వోల్టేజి చూశాం. ఎరుపు (630 నానోమీటర్లు) 1.95, పసుపు (590) 2.05, ఆకుపచ్చ (525) 2.80, నీలం (465) 3.00, తెలుపు కూడా 3.00. వోల్టేజిని ఎలక్ట్రాన్ ఆవేశంతో గుణించి పౌనఃపున్యంతో భాగిస్తే ఎరుపుకి 6.56 × 10⁻³⁴ వచ్చింది, బాగానే ఉంది. ఆకుపచ్చకి 7.86, నీలానికి 7.45. తెలుపుకి మధ్యస్థంగా 550 నానోమీటర్లు వేస్తే ఏకంగా 8.82. ఆకుపచ్చ, నీలం ఎల్ఈడీలు నాసిరకమా?

రెండోది కాంతి విద్యుత్ ఫలితం, అంటే కాంతి పడితే లోహం నుంచి ఎలక్ట్రాన్లు బయటికి రావడం. బంగారు రేకుల విద్యుద్దర్శిని (ఆవేశం ఉంటే రేకులు విడిపోతాయి, పోతే ముడుచుకుంటాయి) మీద జింక్ పలక పెట్టి, ఋణావేశం ఇచ్చి, దొంగనోట్లు పట్టే 365 నానోమీటర్ల యూవీ టార్చి వేశాం. రేకులు ముడుచుకోలేదు. పది నిమిషాలు వేసినా అంతే.

మూడోది ప్రయోగం కాదు, ప్రశ్న. లేజర్‌తో జంట చీలికలు తెర మీద వేసే వెలుగు చీకటి పట్టీలు చూపిస్తే ఒక అమ్మాయి అడిగింది: "ఫోటాన్లు ఒక్కొక్కటిగా పంపితే ఏ చీలికలోంచి పోయినట్టు మేడం?" పుస్తకంలో ఉన్న "ద్వంద్వ స్వభావం" అన్న మాట ఆ పిల్లకి సరిపోదు.

పాలమూరు_ల్యాబ్

మేడం, మీ ఎల్ఈడీలు మంచియే. ఎరుపుకి 6.56 వచ్చుడే మిమ్మల్ని తప్పుదోవ పట్టిచ్చింది. అది కాకతాళీయం, దాన్ని నమ్మొద్దు.

680 ఓమ్‌లు పెడితే 9, 10 మిల్లీ ఆంపియర్లు పోతయి. అంత కరెంటుకి ఎల్ఈడీ లోపలి నిరోధం మీద కొంత వోల్టేజి పడతది. నీలం, ఆకుపచ్చ చిప్పుల్లో అది ఇంకా ఎక్కువ. మీరు చూసింది ఫోటాన్ ఖరీదు ఒక్కటే కాదు, దారిఖర్చు గూడ కలిపిన లెక్క.

ఇట్ల చెయ్యుండ్రి. రెసిస్టర్ 680 తీసేసి 10 కిలోఓమ్‌లది పెట్టుండ్రి. బ్యాటరీకి అడ్డంగ 10 కిలోఓమ్‌ల పాట్ (నాబ్ తిప్పితే వోల్టేజి మారే పొటెన్షియోమీటర్) పెట్టి, దాని నడిమి కాలి నుంచి రెసిస్టర్, ఎల్ఈడీ వరుసల పోవాలె. పాట్ మెల్లగ తిప్పుకుంట రెసిస్టర్ మీద 100 మిల్లీవోల్టులు వచ్చినప్పుడు ఆపుండ్రి. అంటే కరెంటు కరెక్టుగ 10 మైక్రో ఆంపియర్లు. అప్పుడు ఎల్ఈడీ మీద వోల్టేజి రాసుకోవాలె. అన్ని రంగులకు అదే 100 మిల్లీవోల్టులు, ఒక్కటి తప్పొద్దు. ఇంకో లాభం, 10 కిలోఓమ్‌లు ఉన్నంత సేపు పిల్లలు నాబ్ చివరిదాక తిప్పినా మిల్లీ ఆంపియర్ దాటదు, ఎల్ఈడీ కాలదు.

"ఎల్ఈడీ వెలుగుడు మొదలైన క్షణం కంటితో చూసి రాసుకోండి" అని చానామంది చెప్తరు. ఆ పద్ధతి నాకు నచ్చదు. మన కన్ను ఆకుపచ్చని తొందరగ పట్టుకుంటది, ఎరుపుని ఆలస్యంగ. అప్పుడు మీరు కొలిచేది కంటి గుణం.

తెలుపు ఎల్ఈడీని లెక్కల నుంచే తీసెయ్యుండ్రి. లోపల ఉండేది నీలం చిప్పే, మీద పసుపు ఫాస్ఫర్ పూత. నీలానికి, తెలుపుకి రెండిటికీ 3.00 వచ్చింది చూశిన్రా? గందుకే. గులాబీ రంగుది గూడ అదే బాపతు. రంగు ప్లాస్టిక్ టోపీ ఉన్నవి కూడా వద్దు, పారదర్శకంగ ఉన్నవే కొనాలె. పాత రకం ఆకుపచ్చ ఎల్ఈడీలు 565 నానోమీటర్ల దగ్గర ఉంటయి, 525 అని రాస్తే గ్రాఫ్ వంకరపోతది. కోఠి గుజరాతీ గల్లీల అడిగేటప్పుడే తరంగదైర్ఘ్యం రాయించుకోవాలె.

ఇంకో రెండు సంగతులు. టీవీ రిమోట్ల ఉండే 940 నానోమీటర్ల పరారుణ ఎల్ఈడీ ఒకటి తప్పకుంట చేర్చుండ్రి. కంటికి కనపడదు, కానీ కరెంటు లెక్క పద్ధతికి కనపడాల్సిన పనే లేదు. వెలుగుతుందో లేదో ఫోన్ కెమెరాల చూడొచ్చు. అది చేరిస్తే గ్రాఫ్ ఎడమ దిక్కు బాగా సాగి, వాలు నికరంగ వస్తది. రెండోది, పసుపు డబ్బా చవక మల్టీమీటర్ల లోపలి నిరోధం 1 మెగాఓమే ఉంటది. ఎల్ఈడీ మీద 2 వోల్టులు చూసేటప్పుడు మీటరే 2 మైక్రో ఆంపియర్లు తాగుతది. మీ 10లో ఐదో వంతు! 10 మెగాఓమ్‌ల మీటర్ దొరికితే ఆ బాధ లేదు.

ఇగ అసలు ముచ్చట. ఒక్కో ఎల్ఈడీకి విడివిడిగ భాగహారం చెయ్యొద్దు. అడ్డంగ పౌనఃపున్యం, నిలువుగ వోల్టేజి పెట్టి గ్రాఫ్ గీసి, వాలు తీసుకొని దాన్ని 1.602 × 10⁻¹⁹ తోటి గుణించాలె. అంత తక్కువ కరెంటుకి ఏ ఎల్ఈడీ అయినా ఫోటాన్ శక్తి కన్నా తక్కువ వోల్టేజికే నడుస్తది, మిగిలింది వేడి నుంచి తెచ్చుకుంటది. ఆ తరుగు అన్నిటికీ దాదాపు ఒక్కతీరు ఉంటది కాబట్టి వాలుల పడదు, గీత నిలువు అక్షాన్ని సున్నా కింద కోస్తది, అంతే.

మిర్యాలగూడ_సర్వీస్

రెండో ప్రయోగం గురించి. మేడం, మీ ప్రయోగం ఫెయిల్ కాలేదు. సరిగ్గా రావాల్సిన ఫలితమే వచ్చింది.

1240ని నానోమీటర్లతో భాగిస్తే ఒక్కో ఫోటాన్ శక్తి ఎలక్ట్రాన్ వోల్టుల్లో వస్తుంది. 365కి 3.40. జింక్ పని ప్రమేయం, అంటే ఎలక్ట్రాన్‌ని బయటికి లాగడానికి కావాల్సిన కనీస శక్తి, దాదాపు 4.3. అంటే 288 నానోమీటర్ల కంటే పొట్టి తరంగం కావాలి. పది టార్చీలు కలిపి వేసినా 3.40 ఉన్న ఫోటాన్లే ఎక్కువవుతాయి తప్ప 4.3 ఉన్నది ఒక్కటీ పుట్టదు.

మన ఊళ్లలో ఫ్లోరైడ్ పుణ్యమా అని వాటర్ ప్లాంట్ లేని వాడ లేదు కదా. 5 రూపాయల బిళ్ల వేస్తే 20 లీటర్ల క్యాన్ నిండే మిషన్‌లో రూపాయి బిళ్లలు వంద వేసి చూడమనండి, చుక్క నీరు రాదు. మీ పిల్లలకి అంతకన్నా బాగా అర్థమయ్యే ఉదాహరణ దొరకదు. 1905లో ఐన్‌స్టీన్ చెప్పింది ఈ బిళ్లల లెక్కే. ఆయనకి 1921 నోబెల్ బహుమతి ఇచ్చినప్పుడు పేరు పెట్టి చెప్పింది కూడా ఈ కాంతి విద్యుత్ సూత్రాన్నే, సాపేక్షతని కాదు.

రేకులు నిజంగా ముడుచుకోవడం చూపించాలంటే 254 నానోమీటర్ల దీపం కావాలి. అది అదే వాటర్ ప్లాంట్లో, ఇళ్లలోని ఫిల్టర్లలో ఉండే యూవీ ట్యూబే. ఫోటాన్‌కి 4.88 ఎలక్ట్రాన్ వోల్టులు. ఎలక్ట్రాన్‌ని బయటికి లాగగా ఇంకా దాదాపు 0.6 మిగులుతుంది. నేరుగా ప్లగ్గులో పెట్టేది కాదు, దాని చోక్ దానికి ఉండాలి.

జాగ్రత్త: ఆ కాంతి కంటికీ చర్మానికీ హాని. వెలుగు మసక నీలంగా, అమాయకంగా కనిపిస్తుంది. చూసినప్పుడు ఏమీ అనిపించదు, కొన్ని గంటల తర్వాత కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. అందుకని ట్యూబు, పలక, విద్యుద్దర్శిని అన్నీ అట్టపెట్టెలో ఉండాలి, స్విచ్ బయట ఉండాలి. రేకుల వైపు చిన్న కిటికీ కోసి దానికి మామూలు గాజు అద్దం అతికించండి. 254 ఆ అద్దం దాటదు. పిల్లలు ట్యూబు దగ్గరికి పోకుండా చూసుకోవాలి.

పలక సంగతి. జింక్ మీద గాలికి ఆక్సైడ్ పొర కడుతుంది, కాబట్టి సన్న గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది వెంటనే వాడాలి. రుద్ది మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి పెడితే మళ్లీ మొదటికే. జింక్ పలక లేకపోతే పాత మామూలు సెల్లు విప్పి దాని డబ్బా వాడుకోవచ్చు. ఆల్కలైన్ సెల్లుది పనికిరాదు, అది ఉక్కు. జీఐ రేకు (జింక్ పూసిన ఇనుప రేకు) ముక్క కూడా సరే గానీ పైపూత పల్చన, గట్టిగా రుద్దితే జింకంతా పోయి ఇనుము తేలుతుంది.

ఋణావేశం కోసం పీవీసీ పైపుని ఉన్ని గుడ్డతో రుద్ది పలకకి తాకించండి. దీపం వేయగానే రేకులు దగ్గరికొస్తాయి. తర్వాత పట్టుగుడ్డతో రుద్దిన గాజు కడ్డీతో ధనావేశం ఇచ్చి చూపించండి, కదలవు. ఈ రెండో భాగం వదిలేస్తే, దీపం వేడికో గాలికో ఆవేశం కారిపోయిందని ఎవరైనా అంటారు. మూడోసారి మళ్లీ ఋణావేశం ఇచ్చి, దీపానికీ పలకకీ మధ్య గాజు పలక పెట్టండి. దీపం వెలుగుతూనే కనిపిస్తుంది, రేకులు మాత్రం ఆగిపోతాయి.

ఫిబ్రవరి చివర మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది, ఆవేశం నిలుస్తుంది. వినాయక చవితి రోజుల్లో ఇదే పెడితే తేమకే రేకులు పడిపోతాయి.

సూర్యాపేట_ఆప్టిక్స్

మూడో ప్రశ్నకి వచ్చే ముందు పైన చెప్పిన బిళ్లల ఉదాహరణ మీద ఒక మాట. చాలా బాగుంది, కానీ అది లావాదేవీ వరకే. బిళ్ల జేబులో ఉన్నా బిళ్లే, చేతిలో ఉన్నా బిళ్లే. దారిలో ఫోటాన్‌ని అలా ఊహించుకున్న చోటే ఆ అమ్మాయి ప్రశ్న పుడుతుంది.

ముందు ఒక లెక్క వేయించండి. 650 నానోమీటర్ల ఎర్ర లేజర్, 1 మిల్లీవాట్. ఒక్కో ఫోటాన్‌కి 3.06 × 10⁻¹⁹ జౌళ్లు కాబట్టి సెకనుకి 3.3 × 10¹⁵ ఫోటాన్లు. గోడ 3 మీటర్ల దూరంలో ఉంటే ఆ దూరం దాటడానికి 10 నానోసెకన్లు. అంటే ఏ క్షణంలో చూసినా దారిలో 3 కోట్లకు పైగా ఫోటాన్లు ఉన్నట్టు. కాబట్టి మీ లేజర్ పట్టీలు చూసి "ఫోటాన్లు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయేమో" అని ఎవరైనా అనుమానిస్తే తప్పు లేదు. ఆ అనుమానం తీరాలంటే కాంతిని వెయ్యి కోట్ల వంతుకు తగ్గించాలి. అప్పుడు దారిలో సగటున ఒక్క ఫోటాన్ కూడా ఉండదు.

1909లో జి. ఐ. టేలర్ చేసింది దాదాపు ఇదే. గ్యాస్ మంట వెలుగుని పొగచూరిన గాజులతో తగ్గించి, ఒక సూది నీడని ఫోటో ప్లేటు మీద పట్టాడు. అన్నిటికన్నా మసక వెలుగుకి దాదాపు 2000 గంటలు, అంటే మూడు నెలలు పట్టింది. నీడ అంచుల్లో పట్టీలు మామూలు వెలుగులో ఎంత స్పష్టంగా వచ్చాయో అంతే స్పష్టంగా వచ్చాయి.

ఇక జవాబు. "కాంతి ఒకసారి అల, ఒకసారి కణం" అనే మాట తరగతిలో వద్దు. అది వేషాలు మార్చే పగటివేషగాడి కథలా ఉంటుంది. ఇలా చెప్పొచ్చు: ఎక్కడ పడే అవకాశం ఎంత అన్నది అల లెక్క. రెండు చీలికల లెక్కలూ కలిపి, వర్గం చేస్తే తెర మీద ఒక్కో చోట చుక్క పడే సంభావ్యత వస్తుంది. పడినప్పుడు మాత్రం శక్తి మొత్తం ఒక్కచోటే, ఒక్క ముద్దగా పడుతుంది, సగం ఇక్కడా సగం అక్కడా పడదు. "ఏ చీలికలోంచి పోయింది" అన్నదానికి, దారి తెలుసుకునే ఏర్పాటు ఏదీ పెట్టనప్పుడు, జవాబు దాచిపెట్టలేదు, జవాబే లేదు. ఏర్పాటు పెడితే జవాబు ఉంటుంది, పట్టీలు ఉండవు.

ఇంకొక్క విషయం, ఇది పుస్తకాల్లో సాధారణంగా ఉండదు. కాంతి విద్యుత్ ఫలితం ఒక్కటే ఫోటాన్‌కి తిరుగులేని రుజువు కాదు. లోహాన్ని క్వాంటం పద్ధతిలో, కాంతిని మామూలు అలగా తీసుకున్నా ఆ సూత్రం వస్తుందని 1960ల్లో లాంబ్, స్కల్లీ చూపించారు. టేలర్ ప్రయోగానిదీ అదే పరిస్థితి: మసక చేసిన వెలుగులో అప్పుడప్పుడు రెండు ఫోటాన్లు కలిసే వస్తాయి. గట్టి రుజువు 1986లో గ్రాంజియే, రోజే, ఆస్పే చేసినది. కాల్షియం పరమాణువుల నుంచి నిజంగా ఒక్కొక్క ఫోటాన్ తీసి సగం అద్దం (సగం కాంతిని పంపి సగాన్ని తిప్పికొట్టేది) మీదికి పంపారు. అవతల రెండు డిటెక్టర్లు. అల అయితే చీలి రెండూ ఒకేసారి మోగే సందర్భాలు ఒక స్థాయి కంటే తగ్గకూడదు. ఆ స్థాయి కంటే బాగా తక్కువగా వచ్చాయి. అవే ఫోటాన్లని రెండు దారుల్లో పంపి మళ్లీ కలిపితే వ్యతికరణ పట్టీలు వచ్చాయి. ఆ ముగ్గురిలో ఆస్పేకి 2022లో నోబెల్ వచ్చింది, అది చిక్కుముడి ఫోటాన్ల (దూరంగా ఉన్నా కొలతలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండే జంటల) పనికి.

దేవరకొండ_ఫిజిక్స్

అందరికీ ధన్యవాదాలు. 10 మైక్రో ఆంపియర్ల దగ్గర మళ్లీ తీశాం. పరారుణం 0.95, ఎరుపు 1.62, పసుపు 1.74, ఆకుపచ్చ 2.10, నీలం 2.38. అయిదు బిందువుల వాలు 4.44 × 10⁻¹⁵, స్థిరాంకం 7.1 × 10⁻³⁴. ఇంకా 7 శాతం ఎక్కువే. దీన్ని ఇంకా తగ్గించవచ్చా?

"ఏర్పాటు పెడితే పట్టీలు ఉండవు" అన్నది కాలేజీలో చూపించే మార్గం ఉందా?

పాలమూరు_ల్యాబ్

7 శాతం మంచి ఫలితమే మేడం, బోర్డు మీద అట్లనే రాయుండ్రి, 6.626 అని దిద్దొద్దు. ఈ ఎల్ఈడీలు ఒక్క పదార్థంతోటి చేసినవి కావు. పరారుణం గాలియం ఆర్సెనైడ్ కుటుంబం, ఎరుపు, పసుపు వేరే మిశ్రమం, ఆకుపచ్చ, నీలం ఇండియం గాలియం నైట్రైడ్. తరుగు "దాదాపు" ఒక్కతీరు అన్న కదా, ఆ "దాదాపు"లనే మీ 7 శాతం ఉన్నది. పరారుణం లేకుంట మిగిలిన నాలుగిటికే వాలు తీస్తే 7.4 వస్తది, చూసుకోండ్రి.

ఎల్ఈడీలన్నీ ఒకే పూట కొలవాలె. వేడి ఒక డిగ్రీ పెరిగితే వోల్టేజి దాదాపు 2 మిల్లీవోల్టులు తగ్గుతది. పొద్దున 20 డిగ్రీలకు మూడు, మధ్యాహ్నం 35కి రెండు కొలిస్తే 30 మిల్లీవోల్టుల తేడా ఊరికే వస్తది. వేళ్లతోటి ఎల్ఈడీ పట్టుకొని కొలిచినా అదే తప్పు.

సూర్యాపేట_ఆప్టిక్స్

చూపించవచ్చు, ఖర్చు కూడా తక్కువ. చీలికల బదులు ఒక సన్న తీగ చాలు. మామూలు ఫ్లెక్సిబుల్ వైరు విప్పితే లోపల 0.2 మిల్లీమీటర్ల రాగి పోగులుంటాయి. లేజర్ పుంజం మధ్యలో ఒక పోగు నిలువుగా పెడితే, ఎడమ పక్క నుంచి, కుడి పక్క నుంచి వచ్చే కాంతి తీగ వెనక కలిసి పట్టీలు వేస్తుంది. 3 మీటర్ల దూరంలో పట్టీకి పట్టీకి దాదాపు 1 సెంటీమీటరు. టేలర్ సూది కూడా ఇదే రకం.

ఇప్పుడు పోలరైజర్ ఫిల్మ్. అది తన అక్షం దిశలో కంపించే కాంతినే పంపుతుంది, ఆ కంపన దిశే ధ్రువణం. మొబైల్ రిపేరు షాపుల్లో డిస్‌ప్లేల కోసం షీట్లు ఉంటాయి. పాడైన కాలిక్యులేటర్ తెర పైపొరా పనికొస్తుంది, వెనక పొర వద్దు, దానికి వెండి పూత అంటుకుని ఉంటుంది. రెండు ముక్కలు కత్తిరించి, తీగకి ఎడమ పక్క నిలువు అక్షంది, కుడి పక్క అడ్డ అక్షంది అతికించండి. రెండు ముక్కల అంచులూ తీగ వెనకే కలవాలి; సందు ఉంటే అందులోంచి వచ్చే కాంతి పట్టీలని మళ్లీ తెచ్చేస్తుంది. సరిగ్గా పెడితే మధ్యలోని పట్టీలు మాయమై నునుపైన వెలుగు మిగులుతుంది. ఎటునుంచి వచ్చిన కాంతో ధ్రువణం చూసి చెప్పొచ్చు కాబట్టి. దీని తర్వాత, తెరకి ముందు, మూడో పోలరైజర్‌ని 45 డిగ్రీలకి పెట్టండి. ఆ గుర్తు చెరిగిపోతుంది, పట్టీలు తిరిగి వస్తాయి. మైనస్ 45కి తిప్పితే వెలుగు పట్టీలున్న చోట చీకటి పట్టీలొస్తాయి.

చాలామంది ఇక్కడ బోల్తా పడేది ఒకచోట. ఎర్ర లేజర్ డయోడ్ కాంతి అప్పటికే ధ్రువణం చెంది ఉంటుంది. నిలువుగా ఉంటే ఎడమ పక్క ఫుల్లుగా, కుడి పక్క చీకటిగా ఉంటుంది, అప్పుడు పట్టీలు పోవడం దారి తెలిసినందుకు కాదు, ఒక దారి మూసుకున్నందుకు. తీగ పెట్టక ముందే లేజర్‌ని దాని ఒంటి చుట్టూ తిప్పుతూ రెండు ముక్కల్లోంచీ సమానంగా వెలుగు వచ్చే చోట టేపుతో బిగించండి.

ఆకుపచ్చ లేజర్ వద్దు. చవక వాటిలో 532తో పాటు కనిపించని పరారుణం కూడా బయటికి వస్తుంది, రాగి పోగు మీద పడి ఎటు చెదురుతుందో తెలియదు. ఎరుపు అయినా 1 మిల్లీవాట్‌ది చూసుకోండి, పుంజం పిల్లల కళ్ల ఎత్తులో ఉండకూడదు.

అన్నట్టు, ఆ అమ్మాయి తప్పకుండా అడుగుతుంది: "ఇది మామూలు అలల సిద్ధాంతంతో కూడా వస్తుంది కదా మేడం?" వస్తుంది. ఒప్పుకోండి. ఇన్ని కోట్ల ఫోటాన్లతో చేసినంత కాలం లంబ ధ్రువణాలు వ్యతికరణం చెందవు అన్న పాత సూత్రం చాలు. ఒక్కో ఫోటాన్‌తో చేసినా ఇదే పట్టీ చుక్కచుక్కగా పేరుకుంటుంది అన్నది మాత్రం ఈ బల్ల మీద చూపించలేం.

మిర్యాలగూడ_సర్వీస్

కాలిక్యులేటర్ పైపొర గురించి: దాని అక్షం చాలావాటిలో 45 డిగ్రీల వాలుగా ఉంటుంది, అంచుని బట్టి నిలువు అనుకోవద్దు. కత్తిరించే ముందు నున్నని టైల్స్ మీద ఏటవాలుగా పడిన ట్యూబ్‌లైట్ మెరుపుని ఫిల్మ్ తిప్పుతూ చూడండి. మెరుపు బాగా తగ్గినప్పుడు అక్షం నిలువుగా ఉన్నట్టు, అక్కడ మార్కర్‌తో గీత పెట్టుకోండి.